టీవీ స్టాండు కింది అర

మా అక్క వాళ్ల హాల్లో గోడకు అడ్డంగా ఒక గీత ఉంది. రెండు పూతలు రంగు వేయించినా చెమ్మ ఊరి మళ్లీ మళ్లీ బయటపడుతోంది. నా భుజానికి బెత్తెడు పైన ఉంటుంది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్ మీదికి వచ్చిపడ్డ నీళ్లు ఆ గీత దాకా లేచాయి. రోజుల తరబడి తీయలేదు. అక్కా బావా పిల్లలూ మేడెక్కి కూర్చుని, మర్నాడు పడవలో ఫ్లైఓవరు దాకా వచ్చి బయటపడ్డారు. కింద వదిలేసినవాటిలో ఫ్రిజ్జు, మంచాలు, బియ్యం బస్తా, పెళ్లప్పుడు నాన్న సారెలో ఇచ్చిన టీవీ స్టాండు ఉన్నాయి. ఆ స్టాండు కింది అరలో పాత చీర ముక్కలో చుట్టిపెట్టిన హార్డ్ డిస్క్ ఒకటి.

కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం 25 వేలు ఇచ్చింది. ఫ్రిజ్జు కొత్తది వచ్చింది. డిస్కులో ఉన్నది మాత్రం రాలేదు. అక్క పెళ్లి, పిల్లల అన్నప్రాశనలు, అమ్మ ఉన్న ఆఖరి సంక్రాంతి అందులోనే ఉన్నాయి. నీట మునిగిన డిస్కును ఆరబెట్టకూడదు, కరెంటు అసలే ఇవ్వకూడదు. తడిగానే సంచిలో మూటగట్టి బాగుచేసేవాళ్లకు పంపితే ఎంతో కొంత ఆశ ఉంటుంది. మా బావకి ఆ సంగతి తెలియక రెండు రోజులు డాబా మీద ఎండబెట్టి, కంప్యూటరుకు తగిలించాడు. టిక్, టిక్, టిక్ అని మూడుసార్లు అని ఊరుకుందట.

అందుకని సంక్రాంతికి వారం ముందే సెలవు పెట్టి హైదరాబాదు నుంచి బయల్దేరాను. అనుకున్న పని ఒక్కటే. ఇంట్లో అందరి వీడియోలు, పాటలు, ఫోటోలు ఒకచోట ఉంచి, ఏ టీవీలోనైనా ఏ ఫోనులోనైనా చూసుకునేలా ఒక నాస్ పెట్టె కొనాలి. నాస్ అంటే మరేం లేదు, రౌటరుకు వైరుతో తగిలించే చిన్న కంప్యూటరు. దాని పొట్టలో హార్డ్ డిస్కులు ఉంటాయి. దాన్ని ఎక్కడ పెట్టాలన్నది కూడా తేల్చుకునే వచ్చాను: అవనిగడ్డలో నాన్న దగ్గర. ఎక్కువ తీరిక ఆయనకే, చూసేదీ ఆయనే. పైగా పాత టేపులన్నీ అక్కడే ఉన్నాయి.

తెల్లవారుజామున బస్సు భవానీపురం దాటుతుంటే కృష్ణ కనపడింది. మంచు కింద ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది. అంతకు నాలుగు నెలల ముందు, సెప్టెంబరు 2న, ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయంటే ఆ పూట చూసినవాళ్లు నమ్మరు.

టిఫిను తింటుండగానే బావ అడ్డుపుల్ల వేశాడు. "ఏమోయ్, మా పాత ల్యాప్‌టాప్ ఊరికే పడుంది. దానికో డిస్కు తగిలిస్తే అదే నాస్ కదా. దుకాణంలో తగలెయ్యడం ఎందుకు?" నిజానికి ఆయన మాట తీసిపారేసేది కాదు. జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. 2018లో ఎంబీ అనే సాఫ్ట్‌వేరు నుంచి విడిపోయి వేరు కాపురం పెట్టింది. పాత ల్యాప్‌టాపులో దాన్ని ఎక్కిస్తే వీడియోలు టీవీకి పంపడం దుకాణం పెట్టెకంటే బాగానే చేస్తుంది. కాకపోతే అప్‌డేట్ అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు దాని ముందు కూర్చోవాలి. ఆ ఎవరో ఒకరు హైదరాబాదులో ఉన్న నేనే అవుతాను. అందుకే ఒప్పుకోలేదు.

గవర్నర్‌పేటలో ఒక కంప్యూటర్ల షాపుకు వెళ్లాం. కౌంటరు వెనక కుర్రాడికి ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయి. మాటకారి. ముందుగా నాలుగు డిస్కులు పట్టే పెట్టె చూపించాడు. తర్వాత, మేం వెళ్లిపోతామేమోనని, రెండు డిస్కులవి రెండు బల్ల మీద పెట్టాడు. ఒకటి సైనాలజీ డీఎస్223జే, ఇంకొకటి అదే కంపెనీ డీఎస్224ప్లస్. బయటికి చూస్తే అన్నదమ్ముల్లా ఉన్నాయి. చిన్నదానికే, డిస్కులు లేకుండా, ఇరవై వేల పైమాట. పెద్దదానిలో ఇంటెల్ సెలరాన్ చిప్ ఉంది.

"సార్, స్ట్రీమింగ్ అంటున్నారు కాబట్టి ప్లస్సే తీసుకోండి. ట్రాన్స్‌కోడింగ్ ఉంటుంది" అన్నాడు.

తేడా అంతా ఆ మాటలోనే ఉంది, కాస్త విప్పి చెప్పాలి. వీడియో ఏ రూపంలో దాచామో ఆ రూపాన్ని టీవీ గుర్తుపడితే నాస్ చేసే పని దాదాపు ఏమీ ఉండదు, ఫైలును తీసి అందించడమే. చవక పెట్టె కూడా హాయిగా చేస్తుంది. టీవీ గుర్తుపట్టకపోతే మాత్రం చూస్తున్నంతసేపూ నాస్ దాన్ని అప్పటికప్పుడు వేరే రూపంలోకి మార్చి పంపాలి. దానికి దమ్మున్న చిప్ కావాలి. ప్లెక్స్ అనే పేరున్న సాఫ్ట్‌వేరులో ఆ చిప్ సాయం వాడుకోవాలంటే మళ్లీ డబ్బు కట్టాలి, జెల్లీఫిన్‌లో అక్కర్లేదు. ఇల్లంతా నాలుగు రకాల టీవీలు, రోజుకో కొత్త సినిమా ఉంటే ప్లస్ కొనడం న్యాయమే. మా సరుకు అది కాదు. టేపుల మీది పెళ్లిళ్లు, పాత డీవీడీలు, అంతే. వాటిని హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఒక రాత్రి కూర్చోబెట్టి, అన్ని టీవీలూ తినే హెచ్.264 రూపంలోకి ఒక్కసారి మార్చేసుకుంటే ఆ తర్వాత ఎవరూ ఏమీ మార్చనక్కర్లేదు. ఏడాదికోసారి ఆవకాయ పెట్టుకునే ఇంట్లో రోజూ మామిడికాయ తరగడానికి మిషను ఎందుకు? చిన్నదే చాలన్నాను. కుర్రాడి మొహం కొంచెం వాడింది.

డిస్కుల దగ్గర మాత్రం నేనే మొండికేశాను. డెస్క్‌టాపులో వాడే చవక డిస్కు ఒకటి ముందు పెట్టి ఇదైనా ఒకటే అన్నాడు. ఒకటి కాదు. ఎస్ఎంఆర్ అనే రకం డిస్కుల్లో డేటా రాసే గీతలు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకొకటి ఉంటాయి. ఎక్కువ పడతాయి నిజమే. కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కవన్నీ లేపి మళ్లీ సర్దాలి కదా, డిస్కుకూ అదే తిప్పలు. పాత డిస్కు పోయి కొత్తది పెట్టినప్పుడు ఉన్నదంతా తిరగరాయడానికి రోజులు పట్టొచ్చు. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ శ్రేణిలోనే కొన్ని ఈ రకంవని బయటపడి గోలయ్యాక, పెంకుల బాధ లేనివాటికి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టారు. సీగేట్‌లో ఐరన్‌వుల్ఫ్ కూడా పెంకుల రకం కాదు. అవి రెండు, నాలుగేసి టెరాబైట్లవి తీసుకున్నాం.

నాలుగెందుకంటే లెక్క వేసుకునే వచ్చాను. నాన్న దగ్గర 41 వీహెచ్ఎస్ టేపులు, ఉజ్జాయింపుగా 90 గంటలు. మరీ నొక్కకుండా డీవీ రూపంలో ఎక్కిస్తే గంటకు 13 గిగాబైట్లు, అంటే అన్నీ కలిపి 1.2 టెరాబైట్లు. చూసుకోవడానికి నొక్కి చిన్నవి చేసినవి గంటకు రెండు చాలు. ఆడియో క్యాసెట్లు గంటకు 635 మెగాబైట్లు, అవెంత? కుర్రాడు ఎనిమిది టెరాబైట్లవి అమ్మాలని చివరిదాకా చూశాడు. (ఇంకో సంగతి: నాలుగని కొన్నది కంప్యూటరులో 3.6 అని కనపడుతుంది. మోసం కాదు. డబ్బా మీద వెయ్యితో లెక్క, కంప్యూటరులో 1024తో లెక్క.)

బిల్లు రాస్తూ కుర్రాడు అన్నాడు: "రెయిడ్ వన్ పెట్టేస్తాను సార్. ఒక డిస్కు పోయినా రెండో దాంట్లో ఉంటుంది. ఇంక బ్యాకప్ అక్కర్లేదు."

బావ నావంక చూశాడు. నేను కుర్రాణ్ణి అడిగాను. "పొరపాటున ఒక ఫోల్డరు చెరిపేస్తే?"

"రెండో దాంట్లోనూ పోతుంది సార్."

"పెట్టె మొత్తం నీళ్లలో మునిగితే?"

మాట్లాడలేదు. వాళ్ల షాపులోకి నీళ్లు రాలేదు గానీ వాళ్లిల్లు పాయకాపురమట. తర్వాత చెప్పాడు. ఇంకో నాలుగు టెరాబైట్ల మామూలు బయటి డిస్కు కూడా ఇమ్మన్నాను.

మర్నాడు పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కాను. కరకట్ట మీది బస్సు తప్పిపోవడంతో పామర్రు మీదుగా వెళ్లేది ఎక్కాల్సి వచ్చింది. పెట్టె ఒళ్లో, డిస్కులు రెండూ తువ్వాళ్లలో చుట్టి సంచిలో. పక్క సీటు పెద్దాయన కాసేపు ఆగి, "ఏం బాబూ, హోమియో మందులా?" అని అడిగాడు. కాదండీ, వీడియోలు దాచే పెట్టె అన్నాను. "క్యాసెట్లా?" అన్నాడు. అవునన్నాను. దారిలో కాలువ మాతో పాటే వచ్చింది. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక పావుగంట నిలబడిపోయాం. పామర్రులో మలుపు తిరిగాక కూచిపూడి.

కూచిపూడి స్టాపులో ఇద్దరు ఆడపిల్లలు గజ్జెల సంచులతో దిగారు. 1989లో, అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, నాన్న అద్దెకు తెచ్చిన కెమెరా భుజాన వేసుకుని ఇదే ఊళ్లో ఓ రాత్రంతా భామాకలాపం తీశారు. కెమెరా అంటే ఇప్పటివాళ్లు అనుకునేది కాదు, టేపు మొత్తం అందులోనే పట్టే గున్న. నేను బ్యాటరీ సంచి మోశాను. సత్యభామ జడ వేసేసరికి నిద్రపోయానని ఇప్పటికీ ఆడిపోసుకుంటారు. ఆ టేపు చూడాలనే నా ఆశలో సగం.

చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ అక్విడక్టు దగ్గరికి వచ్చాక బస్సులో అందరూ ఓసారి కిటికీల్లోంచి చూస్తారు, ఎన్నిసార్లు దాటినా సరే. కింద కృష్ణ పాయ, దాని మీదుగా వంతెనెక్కి పోయే కాలువ. నది మీద నది. అక్కణ్ణుంచి దివిసీమ.

నాన్న వసారాలో స్టూలు వేసి సిద్ధంగా ఉన్నారు. తెలుగు మాస్టారుగా రిటైరై పదహారేళ్లు. టేపులన్నీ అటక మీదనే, ఇనప ట్రంకు పెట్టెలో, వేపాకు మధ్య. ఒకటి దించి మూత తీసి వెలుతురులో పట్టుకున్నాను. నల్లటి టేపు చుట్ట అంచున తెల్లగా, పిండి చల్లినట్టు బూజు. దాన్ని అలాగే వీసీఆర్‌లో పెడితే టేపుతో పాటు హెడ్డూ పాడవుతుంది; ఆ హెడ్డు ఇంకో టేపుకూ ఆ బూజును అంటిస్తుంది. నలభై ఒక్కటిలో పదకొండింటికి బూజు పట్టింది. వాటిలో ఒకదాని మీద నాన్న ముత్యాల్లాంటి రాతతో "అమ్మాయి పెళ్లి - 1997 - రెండో ప్రతి" అని ఉంది. రెండో ప్రతి ఉందన్న సంగతి మా ఎవరికీ గుర్తులేదు. అక్క తన టేపును కంప్యూటరులోకి ఎక్కించుకున్నాక పారేసింది. ఎక్కించినది టీవీ స్టాండు కింది అరలో మునిగింది.

భోజనాలయ్యాక పెట్టె బల్ల మీద పెట్టి వివరించాను. ఇరవై వాట్లే తింటుంది, నెలంతా ఆపకుండా తిరిగినా పద్నాలుగు పదిహేను యూనిట్లకు మించదు. ఇన్వర్టరు మీద పెట్టొచ్చు, కానీ ఇన్వర్టరు స్విచ్చిని యూపీఎస్ వైపు తిప్పాలి, లేదంటే కరెంటు పోయిన ఆ రెప్పపాటులో ఆరిపోయి లేస్తుంది. ఇలా ఉపన్యాసం దంచుతుంటే నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తరగతిలో తప్పు జవాబు చెప్పేవాడి ముందు ఆయన చేసే పని అది.

"ఒరేయ్ అబ్బాయ్, ఇది ఇక్కడ పెడతావా?"

"ఇక్కడైతే మీరు చూసుకుంటారని."

"డెబ్భై ఏడులో నా వయసు ఇరవై ఆరు. నవంబరు పంతొమ్మిది. ఆ ఉప్పెనకి నా బళ్లో హాజరుపట్టీ మిగల్లేదు. హాజరు పలకడానికి పిల్లలూ..." అని ఆగారు. ఆ మాట పూర్తిచేయడం నేనెప్పుడూ వినలేదు. కాసేపటికి, "నీ పెట్టె అక్కణ్ణుంచి మోసుకొచ్చావు, బానే ఉంది. అక్కడ బుడమేరు, ఇక్కడ సముద్రం. ఒకచోట ఎందుకు పెడుతున్నావు?" అన్నారు.

మూడో డిస్కు సంచిలోనే ఉంది. దాన్ని కూడా ఇదే ఇంట్లో పెట్టి వెళ్దామనుకున్నాను. అంతసేపు షాపులో ఆ కుర్రాడికి పాఠం చెప్పి నేను చేయబోయింది అది.

ఆయన అడిగిన ఇంకో ప్రశ్న షాపులో ఎవరికీ తట్టలేదు. "దీని తాళంచెవి ఎవరి దగ్గర?" పాస్‌వర్డు సంగతి. నా ఫోనులో ఉందన్నాను. "నీకేమైనా అయితే?" అని శుభమా అని పండగ ముందు అడిగేశారు. ఆ సాయంత్రమే స్కూలు రిజిస్టరు లాంటి పొడుగు పుస్తకంలో టేపు నంబరు, ఏముందో, ఎవరెవరున్నారో, తేదీ, గళ్లు గీసి రాయడం మొదలుపెట్టారు. ఆఖరి పేజీలో పాస్‌వర్డు. పుస్తకం బీరువాలో, అమ్మ పట్టుచీరల కింద.

పెట్టె విజయవాడలో, మూడో డిస్కు అవనిగడ్డలో అని తేలింది. అలా ఒళ్లో పెట్టుకుని వెళ్లిన పెట్టె ఒళ్లో పెట్టుకునే తిరిగొచ్చింది, ఈసారి ట్రంకు పెట్టెతో సహా. కండక్టరు లగేజీ టికెట్ కొట్టాడు.

టేపులు గాంధీనగర్‌లో ఒక స్టూడియోకు ఇచ్చాం. ఒకప్పుడు సినిమా పంపిణీదారుల ఆఫీసులతో కిటకిటలాడిన వీధులవి. ఇప్పటికీ అక్కడ పాత మిషన్లు నడిపే చేతులు ఉన్నాయి. బూజు పట్టినవాటికి వేరే వీసీఆర్ పెట్టి, ముందు టేపంతా మెత్తటి గుడ్డ మీదుగా చుట్టి తుడిచి మరీ ఎక్కించారు. భామాకలాపం నలభై నిమిషాలే వచ్చింది. జడ వేయకముందే టేపు చిట్లింది.

పదిహేను రోజులకు మళ్లీ విజయవాడ వచ్చాను. పెట్టె అక్క వాళ్ల మేడ మీది గదిలో, కిటికీకి ఎదురుగా కాకుండా గూట్లో పెట్టాం. రౌటరునూ మేడెక్కించాం. టీవీకి కూడా వైరు వేద్దామని బావ పట్టుబట్టాడు. తీరా వేశాక తెలిసింది, టీవీ వెనక ల్యాన్ పోర్టు వంద మెగాబిట్లదే. చాలా టీవీలు అంతే. ఐదు గిగాహెర్ట్జ్ వైఫై దానికంటే చురుగ్గా ఉంది. మా వీడియోలకు వందలో పదోవంతు కూడా అక్కర్లేదు కాబట్టి, వైరు వేసినందుకు ఉంచేశాం.

వీడియోలు అవనిగడ్డకు పంపడం దగ్గర ఇంకో రెండు పూటలు పోయాయి. బయట నుంచి నేరుగా ఇంట్లోకి రావడానికి మన కనెక్షన్లలో చాలావాటికి సొంత అడ్రసు ఉండదు, వీధంతటికీ కలిపి ఒక డోరు నంబరు ఇచ్చినట్టు. టెయిల్‌స్కేల్ అనే సాఫ్ట్‌వేరు వేసి దొడ్డిదారి చేశాను. నాన్న ఫోనులో ఆడింది. టీవీలో మాత్రం మధ్యమధ్య సున్నా తిరుగుతుంది. ఆయన తిట్టలేదు. "నువ్వు ఇచ్చిన డిస్కే టీవీ వెనక గుచ్చుకుంటాను, బానే వస్తోంది" అన్నారు. చూడటం అయ్యాక అటక మీద పెట్టేస్తారట. మూడు నెలలకోసారి నేనే దాన్ని తెచ్చి కొత్తవి ఎక్కించి ఇవ్వాలి. అంతా చేసి, వేలు పోసి, నాన్నకు మిగిలింది టీవీ వెనక గుచ్చుకునే డిస్కు.

అక్క పెళ్లి వీడియో పెట్టిన రోజు ఇంకో తమాషా. ఫైలుకు 'పెళ్లి 1997' అని ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టాను. పెట్టెలో ఎక్కించిన జెల్లీఫిన్ దాన్ని సినిమా అనుకుని, అదే ఏడు వచ్చిన 'పెళ్లి' సినిమా పోస్టరు తెచ్చి అతికించింది. అక్కా బావా ఉండాల్సిన చోట వడ్డే నవీన్. మేనకోడలు నవ్వి నవ్వి కిందపడింది. ఆ ఫోల్డరును సినిమాల కింద కాకుండా ఇంటి వీడియోల కింద చేర్చాక గానీ పోలేదు.

బొమ్మ పైనా కిందా గీతలు కొట్టుకుంటూ మొదలైంది. రంగులు కొంచెం ఎర్రబారాయి. మంగళస్నానాలు, విడిది, భోజనాల పంక్తులు. బావ తన జుట్టు చూసుకుని నోరెత్తలేదు. ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు అని అక్క పేర్లు చెబుతూ పోయింది. అప్పగింతల తర్వాత కెమెరా లారీ దగ్గరికి వెళ్లింది. సారె ఎక్కిస్తున్నారు. బీరువా, పందిరి మంచం, ఇత్తడి బిందెలు, లడ్డూల గంపలు. ఇద్దరు మనుషులు పాలిష్ మెరుస్తున్న టీవీ స్టాండును ఎత్తుతుంటే అమ్మ పరుగున వచ్చి, కింది అర తలుపు తెరుచుకోకుండా పసుపు తాడుతో కట్టింది.

"ఆపు, ఆపు" అంది అక్క.

ఆపాను. అమ్మ చెయ్యి ముడి మీద ఉంది.